సీటు వెనక ఇంజిన్ ఉన్న బుల్లి కారు: ఎంచుకోవడంలో నా అనుభవం

రోజువారీ పనులకు ఇంట్లో ఒక కారు ఉంది. కుటుంబమంతా పడుతుంది, సామాను పడుతుంది, ఏనాడూ దారిలో ఆగిపోలేదు. నేను కొనాలనుకున్న రెండో కారుకి మాత్రం ఒకటే పని. నడుపుతుంటే సంతోషం కలగాలి. దానికోసం ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టాను. పెట్టుకోవడానికి చోటు దొరికింది, ఇంట్లోవాళ్లు సరేనన్నారు. ఇక ఏ కారు అన్నదే మిగిలింది.

మామూలు కారు కొనేటప్పుడు మైలేజీ, సర్వీసు ఖర్చు, రీసేల్ చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది. సరదా కోసం కొనే కారుకి అలాంటి కొలత లేదు. అందరూ ముందు చూసేది పవర్. నేనూ మొదట అదే చూశాను, కానీ కార్ల పేర్లు రాసుకునే ముందు నా డ్రైవింగ్ ఎలా ఉంటుందో ఒక కాగితం మీద పెట్టుకున్నాను. సెలవు రోజు పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, గంట సేపు. మలుపులున్న రెండు వరసల రోడ్లు. పక్కన ఒక్కరుంటే చాలు. రేస్ ట్రాక్‌కి వెళ్లే ఉద్దేశం లేదు. చిన్న చిన్న రిపేర్లు సొంతంగా చేసుకోవాలన్న కోరిక ఉంది. గేర్లు చేత్తో మార్చుకోవాల్సిందే, అందులో రాజీ లేదు. ఇంకొకటి కూడా రాసుకున్నాను: రోడ్డు మీద రోజూ కనిపించే కారు కాకూడదు. ఇది అవసరం కాదు, ఇష్టం. ఇలాంటి కారు విషయంలో ఇష్టం కూడా గట్టి కారణమే అని నా నమ్మకం.

మొదట నడిపింది హోండా ఎస్2000. 1999లో వచ్చిన ఈ కారులో రెండు లీటర్ల ఇంజిన్ టర్బో సాయం లేకుండా 240 నుంచి 250 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) దాకా ఇస్తుంది, 9000 ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది. ఆ గేర్ లివర్ అంత పొట్టిగా, అంత కచ్చితంగా పడే కారు నేను అంతకుముందు నడపలేదు. 6000 దాటాక వీటెక్ (వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే హోండా ఏర్పాటు) పని మొదలుపెట్టగానే ఇంజిన్ గొంతే మారిపోతుంది. అద్భుతమైన కారు, అందులో రెండో మాట లేదు. కానీ రెండో గేర్‌లో చివరిదాకా లాగితే కారు గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. మూడో గేర్‌లో కూడా అలాగే లాగాలంటే నేను తిరిగే రోడ్ల మీద కుదరదు, కుదిరినా చేయకూడదు. అంటే ఆ ఇంజిన్ దేనికోసం పుట్టిందో అది నాకు దొరికేది ఏ కొన్ని క్షణాలో. మిగతా సమయమంతా దాన్ని పట్టి ఉంచడమే నా పని అవుతుంది.

నా వెతుకులాట దారి మారింది అక్కడే. కారు ఎంత వేగంగా పోగలదు అన్న ప్రశ్న పక్కన పెట్టాను. మామూలు రోడ్డు మీద, చట్టం ఒప్పుకునే వేగంలో, ఆ కారు సత్తాలో ఎంత భాగం నేను వాడుకోగలను? ఇదే అసలు ప్రశ్న అయింది. తర్వాత చూసిన ప్రతి కారునీ దీనితోనే కొలిచాను.

ఆ లెక్కన మాజ్డా ఎంఎక్స్-5 దగ్గరికి వెళ్లక తప్పదు. 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన కారు. ముందు 1.6 లీటర్ల ఇంజిన్, నడిపించేది వెనక చక్రాలు, బరువు టన్ను లోపే. ఆ మొదటి తరం కారు నడిపాక మంచి స్టీరింగ్ అంటే ఏమిటో చేతులకు అర్థమైంది. మలుపులోకి తిప్పినప్పుడు ముందు టైర్ల మీద బరువు పెరగడం, పట్టు తగ్గబోతుంటే స్టీరింగ్ తేలికవడం, అన్నీ ముందే తెలుస్తాయి. స్పేర్ పార్టులు దొరుకుతాయి, తెలిసిన మెకానిక్‌లు ఉన్నారు, పదిలక్షలకు పైగా అమ్ముడైన మోడల్. ఎవరైనా నన్ను అడిగితే మొట్టమొదటి సరదా కారుగా దాన్నే చెబుతాను. నేను కొనకపోవడానికి కారణం ఒక్కటే: మనసు ఇంకా విచిత్రమైనదాన్ని అడుగుతోంది. ఇంజిన్ సీటు వెనక ఉన్న కారు ఒక్కసారైనా నాదై ఉండాలని ఎప్పటినుంచో ఉంది.

మాజ్డాలోనే ఆర్ఎక్స్-8 కూడా చూశాను. పిస్టన్‌లు లేని రోటరీ ఇంజిన్, వెనక్కి తెరుచుకునే వెనక తలుపులు, 9000 దాకా వణుకు లేకుండా తిరిగే ఆ సాఫీతనం. సాంకేతికంగా నాకు దానంత ఆసక్తి కలిగించిన కారు ఇంకోటి లేదు. రోటరీలో రోటర్ మూడు కొనల దగ్గర ఉండే సీళ్లకు నూనె అందించడం కోసం ఇంజిన్ ఆయిల్‌ని కొంచెం కొంచెంగా లోపలికి పంపే ఏర్పాటు ఉంటుంది. అంటే అది ఆయిల్ తాగడం జబ్బు కాదు, తయారీలోనే అలా ఉంది. మామూలు కంప్రెషన్ గేజ్‌తో దాన్ని సరిగ్గా కొలవలేం, ఎందుకంటే ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలుంటాయి, మూడింటినీ విడివిడిగా చూపించే పరికరం కావాలి. ఇవన్నీ నేర్చుకుని పెట్టుకోవచ్చు. నాకు కుదరనిది వేరే ఉంది. చల్లగా ఉన్న ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, వేడెక్కకముందే ఆపేస్తే అందులో పెట్రోలు నిండిపోయి మళ్లీ స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది. నా వాడకంలో కారుని బయటికి తీసి కడగడం, రెండడుగులు జరపడం, దగ్గర్లో చిన్న చుట్టు తిరిగి రావడం ఎక్కువ. ఆ కారు స్వభావానికీ నా అలవాట్లకీ పొత్తు లేదు.

లోటస్ ఎలీస్ గురించి చెప్పకుండా ఉండలేను. 1996లో వచ్చిన మొదటి ఎలీస్ బరువు 725 కిలోల దరిదాపుల్లో. అల్యూమినియం కడ్డీలను జిగురుతో అతికించి చేసిన ఛాసిస్ ఒక్కటే 70 కిలోల లోపు ఉంటుంది. ఒక కారు ఎంత తేలికగా ఉండొచ్చో ప్రపంచానికి మళ్లీ గుర్తు చేసిన కారు అది. నా బడ్జెట్‌కి అందలేదు. అందినా ఒక భయం ఉండేది. అతికించిన ఛాసిస్ గట్టి దెబ్బ తింటే ఇనుములా సాగదీసి సరిచేయడం కుదరదు, మార్చాల్సిందే. రోడ్డు మీద నా తప్పు లేకుండా కూడా దెబ్బ తగలొచ్చు కదా. నిస్సాన్ ఫిగారో అందం చూసి మా ఆవిడ ముచ్చటపడింది, కానీ మూడు గేర్ల ఆటోమేటిక్ అనగానే నేను పక్కకు జరిగాను.

ఈ దశలో నా చూపు జపాన్ కేయ్ కార్ల మీద పడింది. అక్కడ చిన్న కార్లకు పన్నులో రాయితీ ఇచ్చి, బదులుగా కొలతల మీద హద్దు పెట్టారు. 1990ల మొదట్లో ఆ హద్దు పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ. పవర్ కూడా 64 పీఎస్ దాటకుండా కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. ఇంత ఇరుకులో ఎవరైనా సరుకుల కారు చేస్తారనుకుంటాం. ఆ కొద్ది ఏళ్లలోనే మూడు కంపెనీలు అదే హద్దుల్లో రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు చేశాయి. 1991లో హోండా బీట్, సుజుకి కాపుచీనో, 1992లో మాజ్డా వాళ్ల ఆటోజామ్ ఏజెడ్-1. ఇంజనీర్లకు చోటు తక్కువ ఇచ్చినప్పుడు ఏం చేయగలరో చూడాలంటే ఈ మూడింటిని పక్కపక్కన నిలబెట్టాలి.

ఏజెడ్-1ని చూశాను, నడపలేదు. తలుపులు రెక్కల్లా పైకి లేస్తాయి, ఇంజిన్ సీట్ల వెనక, బరువు 720 కిలోలు. చూసినంతసేపూ కళ్లు తిప్పుకోలేదు. తయారైనవి ఐదు వేల లోపే. తలుపు అద్దం పగిలినా, బాడీ ముక్క ఒకటి విరిగినా వెతుక్కుంటూ నెలలు గడపాలి. నేను నడపడానికి కొంటున్నాను కాబట్టి దాన్ని అక్కడే వదిలేశాను.

కాపుచీనో నడిపాను. ఇంజిన్ ముందే ఉన్నా ముందు ఇరుసుకి వెనకగా జరిపి పెట్టారు, నడిపేది వెనక చక్రాలు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకునే ఏర్పాటు). 657 సీసీ టర్బో. బరువు 700 కిలోల దగ్గర. పైకప్పు మూడు పలకలుగా ఊడి వస్తుంది. అన్నీ తీసి డిక్కీలో పెడితే డిక్కీ నిండిపోతుంది. టర్బో అందుకున్నాక ఆ చిన్న ఇంజిన్ మధ్య ఆర్‌పీఎంలో లాగే తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. 1995 తర్వాతి కార్లలో వాడిన కే6ఏ ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, అది పెద్ద సౌకర్యం. అయితే నా మోకాలు స్టీరింగ్‌కి తగిలింది. ప్రతిసారీ క్లచ్ తొక్కినప్పుడు తగిలింది. సీటు ఎంత వెనక్కి జరిపినా మారలేదు. ఫొటోలు, పేపర్ మీది అంకెలు ఎన్ని చూసినా ఈ విషయం తెలియదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

తర్వాత బీట్. ఇందులో మూడు సిలిండర్ల 656 సీసీ ఇంజిన్, టర్బో లేదు. 64 పీఎస్ వచ్చేది 8100 ఆర్‌పీఎం దగ్గర. మూడు సిలిండర్లకూ విడివిడిగా ఒక్కో థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) ఉంటుంది. మామూలు ఇంజిన్‌లో ఒకే థ్రాటిల్ తెరుచుకుని, వెనకున్న గొట్టాలన్నీ గాలితో నిండాక గానీ సిలిండర్లకు కబురు అందదు. ఇక్కడ థ్రాటిల్ సిలిండర్ పక్కనే ఉంది. యాక్సిలరేటర్ మీద వేలంత కదిలించినా ఇంజిన్ వెంటనే పలుకుతుంది. ఆ శబ్దం మీ వీపు వెనకే, చెవికి అడుగు దూరంలో. గేర్ లివర్ ప్రయాణం మణికట్టు తిప్పినంతే. ముందు ఇంజిన్ లేకపోవడంతో పవర్ స్టీరింగ్ అక్కర్లేకుండానే ముందు చక్రాలు తేలిగ్గా తిరుగుతాయి.

నిజం చెప్పాలంటే ఆ కారు వేగంగా పోదు. 760 కిలోలను 64 పీఎస్ లాగాలి, టార్క్ (చక్రాలని తిప్పే బలం) మరీ తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ దించాల్సిందే. కానీ నేను వెతుకుతున్నది సరిగ్గా ఇదే. రెండో గేర్‌ని చివరిదాకా లాగాను, మూడోది అందుకున్నాను, మలుపు ముందు బ్రేక్ వేసి, మడమతో యాక్సిలరేటర్ తట్టి మళ్లీ రెండోది వేశాను. ఇంజిన్ గొంతెత్తి పాడుతోంది, నేను చేయగలిగినదంతా చేస్తున్నాను, స్పీడోమీటర్ చూస్తే ఏ పోలీసుకీ అభ్యంతరం లేని వేగం. ఎస్2000లో కొన్ని క్షణాలు దొరికింది ఇందులో ప్రతి నిమిషం దొరుకుతుంది. దిగేసరికి నిర్ణయం సగం అయిపోయింది.

మిగతా సగానికి చాలా కాలం పట్టింది, ఎందుకంటే ముప్పై ఏళ్లు దాటిన కారు కొనడమంటే దాని పార్టుల భవిష్యత్తుని కూడా కొనడమే. పోటీగా టయోటా ఎంఆర్2 మూడో తరాన్ని పెట్టుకున్నాను. 1999లో వచ్చింది, అదీ సీట్ల వెనక ఇంజినే, 1.8 లీటర్లు, బరువు టన్ను లోపే. చాలా విషయాల్లో తెలివైన ఎంపిక. పార్టులు సులభం, హైవే మీద నిశ్చింత. మొదట్లో తయారైన ఎంఆర్2లలో, ఇంజిన్ పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఉండి ఆ పొగను శుభ్రం చేసే చిన్న క్యాటలిస్ట్‌లు పొడిగా రాలి ఇంజిన్‌లోకి చేరే సమస్య ఉందని దాన్ని వాడేవాళ్లందరికీ తెలుసు, అవి ముందే తీయించారా అని అడగాలి. ఒక మెకానిక్ నాతో, 'ఇది కొనండి, రోజూ నడపొచ్చు' అన్నాడు. మంచి సలహానే. అయితే రోజూ నడపడానికి నాకు వేరే కారు ఉంది.

బీట్ విషయంలో ధైర్యం ఇచ్చిన వార్త ఒకటుంది. ఆపేసిన బీట్ పార్టుల్లో కొన్నింటిని మళ్లీ తయారు చేసి అమ్ముతామని 2017లో హోండా ప్రకటించింది. అంత పాత, అంత చిన్న కారుకి కంపెనీ అలా చేయడం అరుదు. దాంతో పాటు తెలిసిన జబ్బుల జాబితా తయారు చేసుకున్నాను. ఇంజిన్‌ని నడిపే ఈసీయూ పెట్టెలో కెపాసిటర్‌లు వయసు మీద పడి కారిపోతాయి. అప్పుడు ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోవడం, స్టార్ట్ కాకపోవడం జరుగుతాయి. టంకం వేయడం వచ్చిన ఎలక్ట్రానిక్స్ మనిషి సకాలంలో మార్చేస్తే చిన్న ఖర్చుతో పోతుంది. కారిన ద్రవం బోర్డుని తినేశాక అయితే ఖర్చు పెద్దదే. ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ ఉంది, సీట్ల వెనక ఇరుకులో ఉండటంతో మార్చడానికి కూలీ గంటలు ఎక్కువవుతాయి. టైర్లు ముందు 155/65 13 అంగుళాలు, వెనక 165/60 14 అంగుళాలు. రెండూ వేర్వేరు సైజులు కావడంతో కొనేముందే ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే ఫోన్ చేశాను. ఇలాంటి కారుకి ప్రమాదంలో మార్కెట్ ధర ఎంతో వాళ్లే తేల్చేస్తే నష్టపోతాం, అందుకే ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ ఇస్తారా అని అడగాలి.

అన్నిటికీ మించింది తుప్పు. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ వస్తుంది, బాడీ పోతే కారే పోయినట్టు. మొదట చూసిన బీట్ పసుపు రంగు మెరిసిపోతూ ఉంది. తలుపుల కింద ఉండే సిల్ దగ్గర, వెనక చక్రం ముందు భాగంలో వేళ్లతో తట్టాను. ఒకచోట ఖణేల్‌మని, ఇంకోచోట మట్టిలా మూగగా పలికింది. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పెడితే ఆ మూగచోట అంటుకోలేదు. అంటే లోపల రేకు లేదు, పుట్టీ ఉంది. (కాపుచీనో చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, దాని బానెట్ అల్యూమినియం, అక్కడ అయస్కాంతం ఎలాగూ అంటదు.) కార్పెట్ ఎత్తితే కింద తడి. అమ్మే ఆయన మర్యాదగా మాట్లాడాడు, కొత్త పెయింట్ బిల్లు కూడా చూపించాడు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చేవరకు ఆ పసుపు కళ్లముందే ఉంది. అయినా వెనక్కి వెళ్లలేదు.

చివరికి కొన్నది ఎరుపు. పెయింట్ అక్కడక్కడా వెలిసింది, సీట్ల జీబ్రా చారల గుడ్డ ఒకచోట చిరిగింది, పైకప్పు వెనక ఉండే ప్లాస్టిక్ కిటికీ పాలిపోయింది. కానీ జాక్ పెట్టే చోట్లు గట్టిగా ఉన్నాయి, సిల్‌లు ఒకేలా పలికాయి. నేను వచ్చేముందు ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని అమ్మే ఆయన్ను ముందే కోరాను, వెళ్లగానే బానెట్ మీద కాదు, వెనక ఇంజిన్ మూత మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఒక్క తిప్పుకే అందుకుంది, నీలం పొగ లేదు. టైర్ల పక్క గోడ మీద అచ్చువేసిన నాలుగు అంకెలు చూశాను. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం, 3214 అంటే 2014లో 32వ వారం అన్నమాట. టైరు గాడి లోతు బాగానే ఉన్నా పదేళ్లు దాటిన రబ్బరుని నేను నమ్మను, టైర్ల ఖర్చు ధరలో తగ్గించమన్నాను, తగ్గించారు. ఈసీయూ మరమ్మతు బిల్లు ఫొటోలతో సహా ఉంది. బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం లేదు. కాగితం లేదంటే మార్చలేదనే లెక్క వేసి, ఆ ఖర్చు కూడా పక్కన పెట్టుకుని బేరం కుదుర్చుకున్నాను.

ధర అడిగేటప్పుడు నాకు టెన్షన్ వచ్చిన మాట వాస్తవం. కారు ధర ఒక్కటే చూసి డబ్బంతా పెట్టేయకుండా, మొదటి ఏడాది పనులకు విడిగా ఒక మొత్తం ఉంచుకోవడం వల్లే నిబ్బరంగా మాట్లాడగలిగాను. బెల్ట్, నీళ్ల పంపు, రబ్బరు గొట్టాలు, బ్రేక్ ఆయిల్, టైర్లు అన్నీ దాంట్లోనే అయ్యాయి. రేడియేటర్ ముందుంది, ఇంజిన్ వెనకుంది, మధ్యలో కారు పొడవునా కూలెంట్ గొట్టాలు వెళతాయి. కూలెంట్ మార్చాక అందులో గాలి మిగలకుండా బయటికి తీయడం ఓపిక పని. అది నేనే చేశాను, ఆ మధ్యాహ్నం చాలా తృప్తిగా గడిచింది.

ఇప్పుడు ఆ కారులో తిరుగుతున్నాను. ఇప్పటి కార్లలో ఉండే రక్షణ ఇందులో లేదని తెలుసు కాబట్టి పెద్ద లారీలు పరుగెత్తే హైవేల మీదికి తీసుకెళ్లను. గంటకు 100 దగ్గర ఇంజిన్ మోతలో పక్కవాళ్లతో మాట్లాడటం కష్టం. డిక్కీ చాలా చిన్నది, ఇంజిన్ పక్కనే ఉండటంతో వేడెక్కుతుంది, కరిగే వస్తువులు అందులో పెట్టకూడదు. వెనక ప్లాస్టిక్ కిటికీని చలిలో మడవకూడదు, పగులుతుంది.

ఈ మధ్య ఒక స్నేహితుడు నడిపి చూసి, తనకూ ఇలాంటిదే కావాలన్నాడు. ఆయన ఆరడుగులు దాటిన మనిషి, వారం వారం వేరే ఊరికి హైవే మీద వెళ్లి రావాలి, ఇంట్లో ఇంకో కారు లేదు. బీట్ వద్దని గట్టిగా చెప్పాను. మంచి ఎంఆర్2 ఒకటి ఎక్కడుందో నాకు తెలుసు, వచ్చే సెలవు రోజు ఇద్దరం వెళ్లి ముందు ఆ క్యాటలిస్ట్‌ల సంగతి, తర్వాత కింద తుప్పు చూడబోతున్నాం.